ఇంజిన్ కవర్లకు ముడతల పెయింట్: విప్పడం నుంచి తిరిగి బిగించేదాకా

పాత బైక్‌లో వయసు ముందుగా బయటపడేది ఇంజిన్ కవర్ల మీదే. కంపెనీ వేసిన క్లియర్ కోటు (రంగులేని పారదర్శక పొర) అంచుల దగ్గర పొరలుగా లేస్తుంది. దాని కిందికి తేమ చేరి అల్యూమినియం తెల్లగా పొడిపొడిగా తయారవుతుంది. బూటు రాసుకునే చోట రంగు అరిగి లోహం తేలుతుంది. పాలిష్ చేద్దామంటే ఆ మెరుపు కొన్నాళ్ల ముచ్చటే, మళ్లీ రుద్దుతూ కూర్చోవాలి. నిగనిగలాడే పెయింట్ వేద్దామంటే అడుగున ఉన్న ప్రతి గీత, ప్రతి గుంట పైకి కనిపిస్తుంది. పాత టైప్‌రైటర్ల మీద, ప్రయోగశాల పరికరాల పెట్టెల మీద కనిపించే ఆ గరుకు ముడతల ఫినిష్ ఇక్కడ బాగా పనికొస్తుంది. చిన్న చిన్న లోపాలను దాస్తుంది, వేలిముద్రలు పట్టదు, అల్యూమినియం పోతకు అది అందం కూడా. స్ప్రే డబ్బాల్లో దొరుకుతుంది కాబట్టి కంప్రెసర్ అక్కర్లేదు.

చాలామందికి ఇది కుదరకపోవడానికి కారణం మాత్రం ఒక్కటే. మామూలు పెయింట్ వేసినట్టు వేస్తారు.

ముడత ఎలా పుడుతుంది

ఈ పెయింట్లలో పై పొర ముందుగా, లోపలి పొర తర్వాత ఆరేలా తయారీలోనే ఏర్పాటు ఉంటుంది. ఇవి మొదలైన రోజుల్లో ఇందుకు టంగ్ నూనె వాడేవారు. గాలి తగిలితే ఆ నూనె పైన త్వరగా చర్మం కడుతుంది. కోబాల్ట్ లవణాల్లాంటి డ్రయర్లు ఆ పై పొర ఆరడాన్ని ఇంకా తొందరపెడతాయి. కింద మాత్రం పెయింట్ తడిగానే ఉంటుంది. లోపలి ద్రావకం పై చర్మాన్ని ఉబ్బిస్తుంది, సాగిన చర్మానికి పోవడానికి చోటుండదు, కాచిన పాల మీద మీగడలా ముడుచుకుంటుంది.

ఇది అర్థమైతే మిగతా పద్ధతంతా దాన్నుంచే వస్తుంది. కింద తడి ఉండాలంటే పొర మందంగా ఉండాలి. పలచగా వేస్తే పైనా లోపలా ఒకేసారి ఆరిపోతుంది, ముడతే పడదు. మామూలు పెయింటింగ్‌లో 'పలచటి కోట్లు, ఎక్కువ సార్లు' అనేది మొదటి పాఠం. ఇక్కడ ఆ అలవాటును పక్కన పెట్టాలి. ముడత పెద్దదా సన్నదా అనేది కూడా మందమే నిర్ణయిస్తుంది: మందంగా ఉన్న చోట పెద్ద ముడతలు, పలచగా ఉన్న చోట సన్నవి, మరీ పలచబడితే నున్నగా మెరిసే బోడి మచ్చ.

ఏ డబ్బా తీసుకోవాలి

'టెక్స్చర్' అని రాసిన డబ్బాలన్నీ ఇంజిన్‌కు పనికొస్తాయని కాదు. తోట కుర్చీల కోసం, పూలకుండీల కోసం అమ్మే రాతి గరుకు పెయింట్ చాలామటుకు ఆయిల్‌కు, పెట్రోలుకు తట్టుకోదు. హ్యామర్ ఫినిష్ గట్టిదే గానీ దాని తీరు వేరు, సుత్తితో కొట్టిన రేకులా గుంటలు గుంటలుగా వస్తుంది. మనకు కావలసింది రింకిల్ (ముడతల) ఫినిష్ అని, ఇంజిన్ భాగాలకు పనికొస్తుందని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్నది. ఇవి సుమారు 175 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటాయి. క్లచ్ కవర్, మ్యాగ్నెట్ కవర్, టాపెట్ కవర్ సాధారణంగా ఇంజిన్ ఆయిల్ వేడికి అటూఇటూగా, అంటే 100 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి కాబట్టి అది చాలు. సైలెన్సర్ కోసం చేసిన 600 డిగ్రీల పెయింట్ ఇంకా మంచిదేమో అనుకోవద్దు. అలాంటివి బాగా కాలితే తప్ప గట్టిపడవు, కవర్ అంత వేడెక్కదు. సిలిండర్‌కు, ఎగ్జాస్ట్ పైపుకు మాత్రం ముడతల పెయింట్ వేయకండి.

పెయింట్ వేస్తే ఇంజిన్ ఎక్కువ వేడెక్కుతుందని కొందరికి టెన్షన్. పెయింట్ పొర వేడిని కాస్త అడ్డుకునే మాట నిజమే. కానీ మెరిసే అల్యూమినియం కన్నా పెయింట్ వేసిన ఉపరితలం వేడిని కిరణాల రూపంలో ఎన్నో రెట్లు బాగా వెదజల్లుతుంది. కవర్ల విషయంలో ఈ రెండింటి తేడా ఇంజిన్‌కు తెలిసేంత ఉండదు.

కవర్లు విప్పడం

బండి మీద ఉండగానే టేపులు చుట్టి వేసేయొచ్చా అని అడిగేవాళ్లు ఉంటారు. ఈ పెయింట్‌కు అది కుదరదు. కవర్‌ను పడుకోబెట్టి, తిప్పి, వేడి చేయాలి. పైగా అంచులను సరిగ్గా శుభ్రం చేయడం బండి మీద సాధ్యం కాదు.

ఆయిల్ దించండి. ఒక అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఏ రంధ్రం నుంచి వచ్చిందో అక్కడే గుచ్చుతూ పోండి. ఒకే కవర్‌కు రెండు మూడు పొడవుల బోల్టులు ఉంటాయి. పొడవైనది పొట్టి రంధ్రంలో బిగిస్తే కేసింగ్ పగలొచ్చు, పొట్టిది పొడవైన చోట బిగిస్తే మర జారుతుంది. పాత బండ్లలో ప్లస్ స్క్రూలుంటే మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పి తల పాడుచేయకండి. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్‌తో సులువుగా వస్తాయి.

బోల్టులన్నీ తీశాక కవర్ రాకపోతే రబ్బరు సుత్తితో చుట్టూ తట్టండి. కవర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ప్యాకింగ్ (గాస్కెట్) ఉన్న సందులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే ఆ గీత జీవితాంతం ఆయిల్ కారుస్తుంది. మ్యాగ్నెట్ కవర్‌ను రోటర్ అయస్కాంతం పట్టి లాగుతుంటుంది, వదిలితే టక్కున వెనక్కి పోతుంది, వేళ్లు జాగ్రత్త. కిక్ షాఫ్ట్ క్లచ్ కవర్ గుండా వచ్చే బండ్లలో షాఫ్ట్ పళ్ల మీద ఒక చుట్టు టేపు వేసి ఉంచితే తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ ఆయిల్ సీల్ పెదవి చిరగదు. చిన్న డవెల్ పిన్నులు కవర్‌లో ఉన్నాయో ఇంజిన్‌లో ఉన్నాయో చూసుకుని ఒక డబ్బీలో వేయండి, అవి పోతే కవర్ సరిగ్గా కూర్చోదు.

కవర్ లోపలున్న స్టేటర్ కాయిల్, ఆయిల్ సీళ్లు, ఆయిల్ చూసే అద్దం, ప్లాస్టిక్ భాగాలు తీసేయండి. సీళ్లు ఎలాగూ కొత్తవి వేసుకోవడం మంచిది. అద్దం బిగువుగా ఉండి రాకపోతే దాన్ని టేపుతో మూసి, తర్వాత చెప్పే ఓవెన్ పనులు ఆ కవర్‌కు మానేయండి.

శుభ్రం: సగం పని ఇక్కడే

ముందుగా కిరోసిన్, బ్రష్షుతో జిడ్డు వదిలించండి. తర్వాత వేడి నీళ్లు, గిన్నెల సబ్బుతో రెండుసార్లు కడగండి. పాత పెయింటును, క్లియర్ కోటును పెయింట్ రిమూవర్‌తో తీయండి. కాస్టిక్ సోడా మాత్రం దగ్గరికి రానివ్వకండి. అది అల్యూమినియాన్ని తినేస్తుంది, ఆ చర్యలో మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది. ఓవెన్ క్లీనర్లు చాలావాటిలో ఉండేది అదే.

బ్లాస్టింగ్‌కు (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి శుభ్రం చేయడానికి) ఇద్దామనుకుంటే ఒక్క హెచ్చరిక. కొన్ని క్లచ్ కవర్లలో సన్నటి ఆయిల్ దారులుంటాయి. వాటిలో నాలుగు ఇసుక రేణువులు మిగిలినా ఆయిల్‌తో పాటు బేరింగుల్లోకి పోతాయి. ఇవ్వడానికి ముందు ఆ రంధ్రాలన్నీ గట్టిగా మూయండి, వచ్చాక ప్రతి దారినీ కడిగి గాలి కొట్టి ఊదండి. ముడతల పెయింట్ కోసం బ్లాస్టింగ్ తప్పనిసరేమీ కాదు, 180 నుంచి 240 నంబరు శాండ్‌పేపర్‌తో చేత్తో రుద్దినా సరిపోతుంది. రేసింగ్ బండ్లలో, కొన్ని ఖరీదైన మోడళ్లలో కవర్లు మెగ్నీషియంతో చేసినవి ఉంటాయి. దాని పొడి భయంకరంగా మండుతుంది కాబట్టి గ్రైండర్ పెట్టొద్దు, ఆ మంట నీళ్లతో ఆరదు కూడా. మీ బండి సంగతి ముందే తెలుసుకోండి.

తెల్లటి తుప్పు ఉన్న చోట అది పూర్తిగా పోయి శుభ్రమైన లోహం కనిపించేదాకా రుద్దాలి. మిగిలిన తుప్పు పెయింట్ కిందే పాకుతుంది. గోటికి తగిలేంత లోతు గీతలను ముడత దాచలేదు. వాటిని లోహపు పొడి కలిసిన, వేడి తట్టుకునే ఎపాక్సీతో నింపి చదును చేయండి. కారు బాడీకి వాడే మామూలు పుట్టీ ఇక్కడ నిలవదు.

ఇప్పుడు చాలామంది వదిలేసే మెట్టు. పోత అల్యూమినియంలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, ఏళ్ల తరబడి ఆయిల్ వాటిలో ఇంకిపోయి ఉంటుంది. పైకి ఎంత శుభ్రంగా కనిపించినా, పెయింట్ వేసి వేడి చేసేసరికి ఆ ఆయిల్ పైకి ఊరి చుక్కలు చుక్కలుగా పెయింట్‌ను లేపుతుంది. అందుకే ఉత్త కవర్‌ను ముందే 100–120 డిగ్రీల్లో అరగంట నుంచి గంట దాకా వేడి చేయండి. తీసి చూస్తే బోల్టు రంధ్రాల దగ్గర, పాత దెబ్బల దగ్గర గోధుమరంగు చెమట పట్టినట్టు కనిపిస్తుంది. చల్లారాక థిన్నర్‌తో తుడిచి, మళ్లీ వేడి చేయండి. చెమట రాకుండా పోయేదాకా ఇదే పని. దీనికి వంటింటి ఓవెన్ వాడొద్దు. ఆ ఆవిర్లు తర్వాత తిండిలోకి చేరతాయి. ఈ పనులకే కేటాయించిన పాత టోస్టర్ ఓవెన్ ఒకటి ఉంటే మంచిది. లేకపోతే హీట్ గన్‌తో నెమ్మదిగా చేయొచ్చు.

శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి కవర్ మీద నీళ్లు పోయండి. నీరు ఒకే పొరగా పరుచుకుంటే జిడ్డు లేనట్టు. ఎక్కడైనా చుక్కలుగా విడిపోతే అక్కడ ఇంకా ఉంది, మళ్లీ సబ్బు. ఈ పరీక్ష పాసయ్యాక చేతితో ముట్టుకోకండి, గ్లవ్స్ వేసుకోండి.

టేపు వేయడం

పెయింట్ పడకూడని చోట్లు: ప్యాకింగ్ కూర్చునే ముఖం, ఆయిల్ సీల్ గూడు, డవెల్ రంధ్రాలు, మరలు, బోల్టు తల ఆనే గుండ్రటి చోటు. ఆఖరుది చాలామంది మర్చిపోతారు. బోల్టు తల కింద మందపాటి పెయింట్ ఉంటే బిగించినప్పుడు అది నలిగి పగులుతుంది, ఇంజిన్ వేడికి మెత్తబడి బోల్టు బిగువు తగ్గుతుంది. కవర్‌కు ఎక్కడైనా ఎర్త్ వైరు తగులుతుంటే ఆ చోటు కూడా మూయండి.

ప్యాకింగ్ ముఖానికి టేపు కోయడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. ముఖమంతా కప్పేలా టేపు అంటించి, అంచు వెంబడి చిన్న సుత్తి గుండ్రటి తలతో టకటకమని మెల్లగా తట్టుకుంటూ పోండి. లోహపు అంచే టేపును కోసేస్తుంది, గీత అచ్చు కవర్ ఆకారంలో వస్తుంది. బ్లేడు పెడితే మెత్తని అల్యూమినియం మీద గాట్లు పడతాయి. రంధ్రాల్లో చెవులకు పెట్టుకునే నురుగు బిరడాలు నలిపి దూరిస్తే అవే ఉబ్బి మూసుకుంటాయి. కవర్ లోపలి వైపు ఏ పెయింటూ వద్దు. వేడి ఆయిల్‌లో రోజూ తడిసే చోట అది ఊడితే ఆ ముక్కలు ఆయిల్ వడపోతలో తేలతాయి.

ప్రైమర్

కొన్ని ముడతల పెయింట్లు నేరుగా లోహం మీద వేయమంటాయి, కొన్ని ప్రైమర్ అడుగుతాయి. ఈ విషయంలో డబ్బా మీద ఉన్నదే ఆఖరి మాట. ఉత్త అల్యూమినియానికైతే సెల్ఫ్ ఎచింగ్ ప్రైమర్ (లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే ప్రైమర్) రెండు పలచటి కోట్లు నా ఎంపిక. ప్రైమర్‌కు పాత నియమమే, పలచగానే వేయాలి. పూర్తిగా ఆరనివ్వండి. పైన వేసే ముడతల పెయింట్‌లో ద్రావకం చాలా ఉంటుంది, పచ్చి ప్రైమర్ అయితే దాన్ని కింది నుంచి లేపేస్తుంది. అప్పుడు వచ్చే ముడతలు మనం కోరుకున్నవి కావు. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర వెంటనే మొదలవుతుంది కాబట్టి రుద్దిన రోజే ప్రైమర్ పడాలి.

స్ప్రే

కవర్, గాలి, డబ్బా మూడూ 20–25 డిగ్రీల దగ్గర ఉంటే పని సాఫీగా సాగుతుంది. డబ్బా చల్లగా ఉంటే కాసేపు గోరువెచ్చటి నీళ్లలో ఉంచండి. 50 డిగ్రీలు దాటిన వేడి ఏ స్ప్రే డబ్బాకైనా ప్రమాదం, మంట మీద పెట్టడం అన్న ఆలోచనే వద్దు. లోపలి గోళీ చప్పుడు మొదలయ్యాక కనీసం రెండు నిమిషాలు ఊపండి. గాలి ఆడే చోట, మంటకూ నిప్పురవ్వకూ దూరంగా, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకుని పని చేయండి. దుమ్ముకు వాడే గుడ్డ మాస్కు ద్రావకపు ఆవిరిని ఆపదు. వాన ముసురు పట్టిన రోజు మానుకోండి.

కవర్ మీదికి పోయే ముందు పాత రేకు ముక్క మీద ఒకసారి పూర్తిగా, వేడి చేయడంతో సహా, ప్రయత్నించండి. ప్రతి డబ్బా పెయింట్ ధార వేరుగా ఉంటుంది. ఎంత వేగంగా చేయి కదిపితే ఎంత మందం పడుతోందో చేతికి తెలియాలి.

కవర్‌ను వీలైనంత సమతలంగా, పై ముఖం ఆకాశం వైపు ఉండేలా పెట్టండి. నిలబెట్టి కొడితే ఈ మందానికి పెయింట్ కారకుండా ఉండదు. 20 సెంటీమీటర్ల దూరం నుంచి మొదలుపెట్టండి.

మొదట గాడుల్లో, అక్షరాల చుట్టూ, పక్క గోడల మీద కొట్టండి. ఇవే పెయింట్ తక్కువ పడే చోట్లు. తర్వాత మొదటి కోటు ఎడమ నుంచి కుడికి, ఒక్కో ధార ముందుదాని సగం మీద పడేలా. ఐదు నిమిషాలు ఆగండి. రెండో కోటు పై నుంచి కిందికి. మళ్లీ ఐదు నిమిషాలు. మూడోది మూలగా. ఇలా దిశ మార్చడానికి కారణం ఉంది. ఒకే దిశలో కొడితే చారల మధ్య మందం తేడా వస్తుంది, ముడతలు ఆ చారల వెంబడే తేలతాయి.

ప్రతి కోటూ తడితడిగా, మెరుస్తూ కనిపించాలి. 'ఇంకొంచెం వేస్తే కారుతుందేమో' అనిపించే చోట ఆపాలి. లైటును ఏటవాలుగా పెట్టుకుని పక్క నుంచి చూస్తే తడి తక్కువైన చోటు మసకగా, పొడిగా కనిపిస్తుంది. ఇలాంటివి ఎక్కువగా అంచుల మీదే ఉంటాయి, ఎందుకంటే తడి పెయింట్ పదునైన అంచు నుంచి వెనక్కి లాగుకుంటుంది. కొట్టే ముందే అంచులను శాండ్‌పేపర్‌తో కాస్త గుండ్రం చేసి ఉంటే ఈ బాధ తగ్గుతుంది. రెండు కవర్లు ఉంటే వాటిని పక్కపక్కనే పెట్టి ఒకేసారి, ఒకే డబ్బాతో వేయండి. వేర్వేరు రోజుల్లో వేసిన రెండు కవర్లకు ముడత ఒకే సైజులో రావడం అరుదు.

వేడి

మూడో కోటు తర్వాత కాసేపట్లో ముడత తనంతట తానే మొదలవ్వొచ్చు. వేడి తగిలితే త్వరగా, సమంగా వస్తుంది. హీట్ గన్ అయితే తక్కువ మీద, 30 సెంటీమీటర్ల దూరం నుంచి, ఒక్క చోట నిలపకుండా తిప్పుతూ ఉండండి. దగ్గరగా పెడితే గాలి వత్తిడికి తడి పెయింట్ అలలుగా జరిగిపోతుంది. పెద్ద హాలోజన్ లైటు ఇంతకన్నా నయం, గాలి ఊదదు కదా. వేసిన వెంటనే మూసిన ఓవెన్‌లో పెట్టడం ప్రమాదం, ద్రావకపు ఆవిరి అంటుకోగలదు.

చూస్తుండగానే మెరుపు తగ్గుతుంది, సన్నటి గీతల వల ఒకటి పాకడం మొదలవుతుంది, అవి లోతెక్కి ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. ఆ సమయంలో వేలు పెట్టి చూడాలనిపిస్తుంది. పెట్టారో, ఆ వేలిముద్ర అక్కడే ఉండిపోతుంది.

పెయింట్ కాస్త గట్టిపడ్డాక, పూర్తిగా ఆరకముందే టేపును అంచు నుంచి వెనక్కి మడుస్తూ మెల్లగా లాగండి. పూర్తిగా ఆరాక లాగితే పెయింట్ పెచ్చులుగా లేస్తుంది. టేపుతో సహా ఓవెన్‌లో పెడితే జిగురు కాలి లోహానికి పట్టుకుంటుంది. ఒక రోజు ఆరనిచ్చి, తర్వాత 90–95 డిగ్రీల్లో ఒక గంట కాల్చి, ఓవెన్‌లోనే చల్లారనివ్వండి. ఓవెన్ లేకపోతే కనీసం వారం రోజులు అలా వదిలేయండి. ఆలోగా పెట్రోలు చుక్క పడితే పెయింట్ మెత్తబడి మచ్చ ఉండిపోతుంది.

సరిగ్గా రాకపోతే

బోడి మచ్చ కనిపిస్తే అక్కడొక్కచోటే కొట్టి సరిచేయాలని చూడకండి, ఆ అతుకు ఎప్పుడూ కనిపిస్తుంది. ఇంకా తడిగా ఉంటే మొత్తం మీద మరో మందపు కోటు వేసి మళ్లీ వేడి చేయొచ్చు. ఆరిపోతే డబ్బా చెప్పిన వ్యవధి ఆగి మొత్తం మళ్లీ వేయాలి, లేదా తీసేసి మొదటికి రావాలి. ఆ వ్యవధి పూర్తికాకముందే వేస్తే కింది పొర అడ్డదిడ్డంగా లేస్తుంది. పెయింట్ కారితే ముడతలన్నీ ఆ ధార చివర గుంపుగా చేరతాయి. దాన్ని రుద్ది సరిచేయడం కుదరదు, కవర్ మీది పెయింట్ మొత్తం తీయాల్సిందే. చిన్న గుండ్రటి గుంటలు వస్తే సిలికాన్ లేదా ఆయిల్ మిగిలిందని అర్థం, తప్పు స్ప్రేలో కాదు, శుభ్రం చేయడంలో ఉంది.

అక్షరాలు తేల్చడం

కవర్ మీద పేరు గానీ చారలు గానీ పైకి పోసి ఉంటే వాటి తలలు మాత్రం వెండిరంగులో మెరిసేలా చేయొచ్చు. పెయింట్ పూర్తిగా గట్టిపడ్డాక 400 నంబరు వాటర్ పేపర్‌ను చదునైన చెక్కముక్కకు చుట్టి, నీళ్లతో, ఒకే దిశలో రుద్దండి. వేలితో రుద్దకూడదు. వేలు అక్షరాల మధ్యకు దిగి చుట్టూ ఉన్న ముడతలను కూడా అరగదీస్తుంది. తర్వాత 600, 1000. బయటపడ్డ లోహం మళ్లీ మసకబారకుండా సన్నటి కుంచెతో అక్షరాల మీద మాత్రమే క్లియర్ పూయొచ్చు. ముడతల మీద క్లియర్ స్ప్రే చేస్తే లోతులు నిండి గరుకుదనమంతా పోతుంది.

తిరిగి బిగించడం

పాత ప్యాకింగ్ ముక్కలను ప్లాస్టిక్ గీకుడుతో తీసి, కొత్త ప్యాకింగ్, కొత్త సీళ్లు వేయండి. సిలికాన్ గమ్ ఎక్కువ పూస్తే లోపలికి పొంగి ఆయిల్ దారిలో ముక్కగా తిరుగుతుంది, సర్వీస్ మాన్యువల్ చెప్పిన చోట తప్ప పూయకండి. డవెల్ పిన్నులు పెట్టి, బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించండి. ఈ కవర్లకు వాడే ఆరు మిల్లీమీటర్ల బోల్టుల బిగువు (టార్క్) సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, కచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్‌లో చూడండి. అల్యూమినియం మర ఒకసారి జారితే దాన్ని బాగుచేసే ఖర్చు ఈ పెయింట్ పని మొత్తానికన్నా ఎక్కువవుతుంది. స్టెయిన్‌లెస్ అలెన్ బోల్టులు వేస్తే మరకు యాంటీ సీజ్ (మర పట్టేయకుండా పూసే పేస్టు) రాయండి, లేకపోతే రెండు లోహాల మధ్య తుప్పు పుట్టి అవి పట్టేస్తాయి. అది రాసినప్పుడు బిగువు కాస్త తగ్గించాలి, జారుడు వల్ల అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతుంది.

ఆయిల్ పోసి, కొద్దిసేపు ఇంజిన్ నడిపి, చల్లారాక అంచులన్నీ చూడండి. మొదటి రెండు మూడు సార్లు వేడెక్కినప్పుడు కొంచెం పెయింట్ వాసన రావడం మామూలే.

ముడతల లోతుల్లో మట్టి చేరుతుంది కాబట్టి మెత్తటి బ్రష్షు, సబ్బునీళ్లతో కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టొద్దు. బ్రేక్ ఆయిల్ చాలా పెయింట్లను లేపేస్తుంది, చుక్క పడితే వెంటనే నీళ్లు పోయండి. పని అయ్యాక డబ్బాను తలకిందులు చేసి గాలి ఒక్కటే వచ్చేదాకా నొక్కితే నాజిల్ మూసుకుపోదు. తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూల పడేయకండి. ఆరే నూనెలున్న పెయింట్ గుడ్డలు తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. వాటిని బయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరాకే పారేయండి.